నూకాలమ్మ కారు షెడ్డు

1968లో నేను శ్రీకాకుళంలో ఓవర్సీరుగా పనిచేస్తున్నాను. ఓవర్సీరు అంటే ఇంజనీరు కాగితం మీద గీసిన గీత నేల మీద సరిగ్గా పడిందో లేదో చూసే మనిషి. కల్వర్టులూ, బడి గదులూ, ఆస్పత్రి వరండాలూ చూసుకుంటూ రోజంతా సైకిలు మీద ఎండలో తిరిగేవాణ్ణి. కాపురం అరసవల్లి వెళ్లే రోడ్డు పక్కన, ఒక పెంకుటింట్లో సగభాగం. ఇరుగుపొరుగు వాళ్లకు నేను ఊరికే దొరికిన ఇంజనీరుని. గోడ చెమ్మ పట్టినా, చూరు కారినా, బావి గట్టు కుంగినా నా గుమ్మం ముందుకే వచ్చేవారు. నేను ముందు విసుక్కునేవాణ్ణి, తర్వాత చొక్కా వేసుకుని వెంట వెళ్లేవాణ్ణి. నా విసుగు చూసి ఎవరూ వెనక్కి తగ్గలేదు. అది వాళ్లకు అలవాటైపోయింది.

ఇప్పుడు కుర్ర ఇంజనీర్లు అప్పుడప్పుడు అడుగుతుంటారు, మీ సర్వీసులో బాగా గుర్తుండిపోయిన పని ఏదండీ అని. ఏ వంతెన పేరో చెబుతానని వాళ్ల ఆశ. నాకు గుర్తొచ్చేది మాత్రం ఒక కారు షెడ్డు. అది నేను కట్టింది కూడా కాదు. ఎవరో కట్టిన దాన్ని చల్లబరిచాను, అంతే.

మా వీధి చివర దానయ్య అనే టాక్సీ డ్రైవరు ఉండేవాడు. పుట్టింది భావనపాడులో, సముద్రం మీద బతికే ఇంట్లో. కానీ పడవ ఎక్కితే చాలు, అతనికి వాంతులు. ఆ సంగతి తనే నవ్వుతూ చెప్పుకునేవాడు. తెడ్డు పట్టలేక స్టీరింగు పట్టుకున్నాననేవాడు. ఒక పాత నల్ల కారు సంపాదించుకుని, ఆముదాలవలస స్టేషనులో రైలు దిగే భక్తులను అరసవల్లి గుడికి తీసుకొచ్చేవాడు. ఆదివారం సూర్యుడి వారం. ఆ ఒక్కరోజు బేరం మీదే అతని ఇల్లు వారమంతా నడిచేది.

మాఘమాసం చివర్లో ఒక పొద్దున దానయ్య మా అరుగు దగ్గరకు వచ్చి నిలబడ్డాడు. కారు షెడ్డు చల్లగా ఉండేలా ఏదైనా చెయ్యాలన్నాడు, అదీ ఖర్చు లేకుండా. సూర్యుడికి గుడి కట్టిన ఊళ్లో ఉంటూ ఎండను ఆపమంటావా, నీ కారుకి ఉక్కపోస్తోందా అని వేళాకోళం చేశాను. మామూలుగా అయితే నాకు రెండు మాటలు తిరిగి అంటించేవాడు. ఆ రోజు నవ్వలేదు. అప్పుడు నేను సైకిలు గోడకు ఆనించి కూర్చుని విన్నాను.

అతని తల్లి నూకాలమ్మ భావనపాడులో ఒక్కతే ఉండేది. తండ్రి పోయి చాలా ఏళ్లయింది. కిందటి వానాకాలం గాలికి ఆమె గుడిసె లేచిపోయింది. దానయ్య వెళ్లి తల్లిని తీసుకొచ్చాడు. ఇల్లేమో రెండు ఇరుకు గదులు, రెండు పక్కలా పొరుగువాళ్ల గోడలు. సముద్రపు గాలికి అలవాటుపడ్డ మనిషికి ఆ గదుల్లో ఊపిరి ఆడలేదు. వచ్చిన కొద్దిరోజులకే తన నులక మంచం తనే మోసుకుపోయి కారు షెడ్డులో వేసుకుంది. పెద్ద తలుపులు తెరిస్తే గాలి వస్తుంది, రోడ్డు కనబడుతుంది, పోయేవాళ్లతో ఒక మాట ఆడొచ్చు. చలికాలమంతా అక్కడ హాయిగా గడిచింది. మాఘం వెళ్లేసరికి నెత్తిమీది రేకులు కాలడం మొదలుపెట్టాయి. ఉగాది దాకా ఉంటాను, ఆ తర్వాత మన ఊరు వెళ్లిపోతానని కొడుకుతో చెప్పేసిందట.

"ఎల్లిపోతే ఎక్కడుంటాది బాబూ? అక్కడ గుడిసె నేదు. ఎవుల సూరు కిందో తొంగుంటాది. నాను కారు ఒగ్గీసి ఎల్లనేను, అదేమో ఇంట్లోకి రాదు. ఆ రేకులు సల్లబడితే మా అమ్మ ఉండిపోతాది" అన్నాడు దానయ్య.

ఆ సాయంత్రమే వెళ్లాను. మూడు పక్కల ఇటుక గోడలు, తూర్పున రోడ్డు వైపు రెండు రెక్కల చెక్క తలుపులు, పైన ఇటూ అటూ వాలుగా జి.ఐ. షీట్లు, అంటే జింకు పూత పూసిన ఇనుప రేకులు. షెడ్డు నిండా కారే ఉంది. కారుకీ గోడకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు వదిలి, ఆ సందు చివర మంచం, మంచం కింద ఒక తట్ట, మూలన నీళ్ల కుండ. నూకాలమ్మ సన్నటి, నల్లటి మనిషి. దూరాన ఏదో వెతుకుతున్నట్టు కళ్లు ఎప్పుడూ కాస్త ముడిచి ఉంచేది. నన్ను చూసి మర్యాదగా కూర్చోమంది, కారు ఫుట్‌బోర్డు చూపించి.

"నాకేటి సెయ్యొద్దు బాబూ. సేస్తే ఈ కారుకి సెయ్యి. పొద్దున్నుంచీ ఎండలో తిరిగొచ్చి మళ్లీ ఈ నిప్పుల్లోనే పడుకుంటాది, పాపం" అంది.

కారును బయట ఒక తడిక కింద పెట్టుకుంటే షెడ్డంతా నీకే మిగులుతుంది కదా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తన కొడుకు సంసారాన్ని మోస్తున్న దాన్ని వీధిలో నిలబెట్టి తను నీడన పడుకోనంది. నా మాటకు కాస్త కోపం కూడా వచ్చినట్టుంది. నేను మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. ఆ ఇంట్లో రోజూ సాయంత్రం ఒక తతంగం నడిచేది. పొగ తల్లికి తగలకూడదని దానయ్య రోడ్డు మీదే ఇంజను ఆపేసి కారును వెనక నుంచి తోసేవాడు. ఆమె ముందు నిలబడి, పడవను ఒడ్డుకు లాగించేటప్పుడు వేసే కేకలే వేస్తూ, ఇటు అటు అని చేతులు ఊపుతూ లోపలికి రప్పించేది. కోడలు కాంతమ్మ గుమ్మంలో నిలబడి నవ్వుతూ ఉండేది. వాళ్లను చూశాక ఈ పని కాదనడం నా వల్ల కాలేదు.

ఇక్కడ వృత్తి సంగతి కాస్త చెప్పాలి. రేకుల కింద మనిషిని వేధించేది గాలి వేడి ఒక్కటే కాదు. కొలిమి ముందు నిలబడితే గాలి తగలకపోయినా ముఖం మండుతుంది. దాన్ని మేము రేడియంట్ హీట్ అంటాం. కాలిన రేకు కూడా కొలిమి లాగే కిందికి వేడి కక్కుతుంది. దాన్ని దారిలోనే ఆపడం ఇన్సులేషన్. అందుకు ఖరీదైన వస్తువే కావాలని లేదు. కదలని గాలిని తనలో పట్టి ఉంచే వస్తువు ఏదైనా పనికొస్తుంది. మా పుస్తకాల్లో కార్కు పలకలూ, గాజు ఉన్నీ రాసి ఉండేవి. అవి పెద్ద కోల్డ్ స్టోరేజీలు కట్టేవాళ్ల మాట. దానయ్య దగ్గర ఉన్నవి ఒక కారూ, ఒక తల్లీ. రెంటిలో ఏదీ అమ్ముకునేది కాదు.

మరి ఏం వెయ్యాలి? రేకుల మీద తాటాకు కప్పేద్దామని కాంతమ్మ అంది. పెట్రోలు కారు నిలబెట్టే చోట తాటాకా అని కసిరాను. మిల్లు నుంచి ఊక తెచ్చి పైన నింపేద్దామని దానయ్య అన్నాడు. ఊకలో నూకలుంటాయి, నూకలకు ఎలకలొస్తాయి, ఎలకల వెనక పాములొస్తాయి, అప్పుడు మీ అమ్మ ఉగాది దాకా కూడా ఉండదన్నాను. ఇద్దరూ బిక్కముఖాలు వేశారు. నూకాలమ్మ మాత్రం, ఈ బాబు కోపం మా ఊరి పడమటి గాలి లాంటిది, పొద్దుగూకితే తగ్గిపోతాదని వాళ్లకు ధైర్యం చెప్పింది, నేను వింటుండగానే.

నాకు గోగుపుల్లలు గుర్తొచ్చాయి. మాది పాలకొండ వైపు పల్లె. మెట్ట చేలల్లో గోగు వేసేవాళ్లం. కోసిన మోపుల్ని నీళ్లలో నానబెట్టి, కుళ్లాక నార ఒలిస్తే లోపల తెల్లటి పుల్ల మిగులుతుంది. నార మిల్లుకు పోతుంది, పుల్ల పొయ్యికి పోతుంది. వేలంత లావుంటుంది కానీ దూది లాంటి గుజ్జుతో ఎంత తేలికో చెప్పలేను. చిన్నప్పుడు మా ఇంట్లో పెరుగు కుండ చుట్టూ వాటినే నిలబెట్టి కట్టేవారు, ఎండాకాలం పులిసిపోకుండా. ఆ గుజ్జులో ఉన్నదంతా నాకు కావలసిన కదలని గాలే. మా అన్నకు కబురు పెడితే, పొయ్యిలోకని ఉంచుకున్న మోపులన్నీ బండికెత్తి పంపించాడు. పట్నంలో ఉద్యోగం చేస్తూ వంటచెరకు కూడా కొనుక్కోలేకపోతున్నావా అని బండివాడి చేత అడిగించాడు.

పని మొదలుపెట్టాం. పుల్లల్ని పిడికెడేసి కట్టలు కట్టి, వెదురు బద్దల మీద ఒకదాని పక్కన ఒకటి ఇరికించి, గోగునార పురికొసతోనే అల్లాం. అల్లకంలో నూకాలమ్మ చెయ్యి అందరికంటే ముందుండేది. వలలు అల్లిన వేళ్లకు అదొక పనా? ఆ చాపల్ని రేకులకు మూరెడు కిందుగా వేలాడదీశాం. దీన్నే ఫాల్స్ సీలింగ్ అంటారు, ఉత్తుత్తి కప్పు అన్నమాట. కింది వైపూ పై వైపూ బంకమన్నూ, పేడా, సున్నం కలిపి పలచగా మెత్తాం. నిప్పురవ్వ పడినా వెంటనే అంటుకోకుండా, పురుగు చేరకుండా. షెడ్డు మూలన ఉన్న పెట్రోలు డబ్బాలు పెరట్లోకి మార్పించాను. రేకుల పైన సున్నంలో తుమ్మజిగురు కలిపి పూయించాను, తెలుపు మీద పడ్డ ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. జింకుకు సున్నం అంతగా పడదు కాబట్టి రేకుల్ని ఏడాదికోసారి చూసుకుంటూ ఉండమని కూడా చెప్పాను.

అన్నిటికంటే ముఖ్యం రేకుకీ చాపకీ మధ్య ఆ మూరెడు ఖాళీ. ఎయిర్ గ్యాప్. అక్కడ చేరిన వేడి గాలి బయటికి పోవాలి, లేకపోతే అది కూడా కొలిమే. అందుకని తూర్పున తలుపుల పైనా పడమటి గోడ పైనా కన్నాలు పెట్టించాను. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి వచ్చే పైరగాలి తూర్పు కన్నంలో దూరి పడమటి కన్నం నుంచి వేడిని తోసుకుపోతుంది. కన్నాలకు జల్లెడ కొనే బదులు నూకాలమ్మ తన తట్టలోంచి పాత వల ముక్క తీసి ఇచ్చింది. చెదలు పట్టాయేమో చూసుకోవడానికి పడమటి వైపు, పెరట్లోకి, మనిషి సగం దూరేంత చిన్న చెక్క తలుపు కూడా పెట్టించాను.

నాకు మిగిలిపోయింది ఆ పడమటి గోడ ఒక్కటే. అది ఒంటి ఇటుక గోడ, మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఎండ మొత్తం దాని మీదే. దానికి అవతల ఇంకో గోడ లేపితే బాగుండేది. అంత స్థోమత లేదు. గోడవైపు తల పెట్టుకోవద్దని చెప్పి ఊరుకున్నాను.

పని అయిపోయాక ముగ్గుర్నీ నిలబెట్టి పాఠం చెప్పాను. పైన వేడి ఉంటుంది, గాలి ఆడుతూ ఉంటుంది, వాన చుక్క పడదు, అక్కడ ఏమీ పెట్టకండి, ఖాళీగా ఉంటేనే అది పనిచేస్తుంది అన్నాను. దానయ్య తలాడించాడు. నూకాలమ్మ మాత్రం దగ్గరకు వచ్చి గుచ్చి గుచ్చి అడిగింది. అక్కడికి కాకి దూరగలదా? వల ఉంది కదా, దూరలేదన్నాను. పిల్లి? తలుపు గడియ వేసి ఉంటే రాదన్నాను. మంచు దిగుతుందా? దిగదన్నాను. ఇంత శ్రద్ధగా వినే మనిషి నాకు అప్పటిదాకా ఎక్కడా తగల్లేదు. ఇంటికెళ్లి మా ఆవిడతో ఆ మాటే గొప్పగా చెప్పాను.

ఉగాది వచ్చింది. కాంతమ్మ గిన్నెలో పచ్చడి తెచ్చి ఇచ్చి, అత్త ప్రయాణం మాట ఎత్తడం లేదని గుసగుసగా చెప్పింది. ఆ మధ్యాహ్నం నేనే వెళ్లి చూశాను. బయట రోడ్డు మీద తారు మెత్తబడుతోంది. షెడ్డులో నూకాలమ్మ తలుపు రెక్కకు ఆనుకుని కూర్చుని పోయేవాళ్లను పలకరిస్తోంది. చెయ్యి పైకెత్తి కప్పు తాకాను. చేతికి వేడి తగల్లేదు. కట్టిన వంతెన మీద మొదటి బస్సు పోయినప్పుడు కూడా అంత సంతోషం కలగలేదు నాకు. దానయ్య సంగతి చెప్పనక్కర్లేదు, కనబడ్డ ప్రతివాడికీ మా అమ్మ ఉండిపోయిందని చెప్పుకుని తిరిగాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక ఆదివారం మిట్టమధ్యాహ్నం దానయ్య ముఖం వేలాడేసుకుని వచ్చాడు. ఆదివారం మధ్యాహ్నం అతను ఇంటిపట్టున ఉన్నాడంటేనే ఏదో అయిందన్నమాట. ఎవరో కుటుంబం, పట్టుబట్టలు కట్టుకుని, ఉపవాసంతో కారెక్కారట. సగం దారిలో ముక్కులు మూసుకుని దిగిపోయి జట్కా ఎక్కారట. కిందటి ఆదివారం కూడా ఒకరు అలాగే దిగిపోయారట. ఇప్పుడు స్టేషను దగ్గర ఆ కారు ఎక్కొద్దని ఒకరికొకరు చెప్పుకుంటున్నారట. కారులో ఏదో చచ్చి ఉంటుందని అతను సీట్లు విప్పాడు, బానెట్టు కింద వెతికాడు, ఏమీ దొరకలేదు. ఇంకో రెండు వారాలు ఇలాగే అయితే కారు వదిలేసి ఎవరి దగ్గరైనా కూలికి నడపాలన్నాడు.

వెళ్లి కారులో తల పెట్టాను. మెట్ట ఊరివాణ్ణయినా ఎండుచేప వాసన తెలియనివాణ్ణి కాను. సీటు గుడ్డ నిండా అదే. దానయ్య ముక్కు పుట్టినప్పటి నుంచీ ఆ వాసనలోనే పెరిగింది కాబట్టి అతనికి తేడా తెలియలేదు. అయితే నాకు అంతకంటే ముందు ఇంకోటి తగిలింది. షెడ్డు వేడెక్కి ఉంది. కప్పు తాకితే చేతికి పెనంలా కాలింది. పైన గాలి ఆడడం లేదన్నమాట. నిచ్చెన తెమ్మని పెరట్లోకి వెళ్లాను. పడమటి కన్నానికి లోపలి నుంచి గోనె సంచి కుక్కి ఉంది. గడియ తీసి చిన్న తలుపు తెరిచాను.

నేను పెట్టించిన ఎయిర్ గ్యాప్ ఈ చివర నుంచి ఆ చివరకు చేపలతో నిండి ఉంది. నెత్తళ్లు ఒక పక్క, సావళ్లు ఒక పక్క, కింద వల పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా, తలలన్నీ ఒకే వైపు పెట్టి. అంత పొందిగ్గా ఎండబెట్టిన చేపల్ని నేను ఏ సంతలోనూ చూడలేదు. నిచ్చెన మీద నిలబడి తిట్టాలో మెచ్చుకోవాలో తేల్చుకోలేకపోయాను.

కిందికి దిగేసరికి కాంతమ్మ ముఖం చాటేసింది. అత్తాకోడళ్లు కలిసి చేసిన పని. సాయంత్రం బజారులో అమ్ముడుపోక మిగిలిన చేప నూకాలమ్మ ఏరి తెచ్చేది, ఉప్పులో ఊరబెట్టేది, దానయ్య స్టేషనుకు పోయాక కాంతమ్మ నిచ్చెనెక్కి, వల మీద పేర్చి, కర్రతో లోపలికి జరిపేది. ఎండినవాటిని వారం సంతకు పంపేవారు. పిల్లి వాసన పట్టి కన్నం దగ్గర కాపలా కాస్తోందని గోనె కుక్కారు. దాంతో వాసన బయటికి పోయే దారి లేక కిందున్న కారులోకి దిగింది.

నూకాలమ్మ మాత్రం ఏమీ దాచలేదు. "నువ్వే కద బాబూ సెప్పినావు. పైన వేడుంటాది, గాలాడతాది, వాన పడదు, కాకి రాదు, పిల్లి రాదు అని. అంత మంచి సోటు సేపకి ఎక్కడ దొరుకుతాది? ఊరికే ఒగ్గీడానికి మనసొప్పలేదు" అంది.

ఆవిడ అన్నదాంట్లో పొరపాటు ఒక్కటీ లేదు. మా ఊరివాళ్లెవరికీ ఆ మూరెడు ఖాళీ చూసి ఈ ఆలోచన రాదు. ఆ ఒడ్డున పుట్టిన వాళ్లెవరికైనా రాకుండా ఉండదు.

దానయ్య అరవలేదు. అరిచినా బాగుండేది. ఫుట్‌బోర్డు మీద కూలబడి, నేల చూస్తూ, "ఆదివారం బేరం పోనాదే అమ్మా. నా కారుని సూసి ముక్కు మూసుకుంటన్నారే" అన్నాడు.

ఆ మాటకు ఆమె ముఖం మాడిపోయింది. కొడుకు బేరానికీ తన చేపలకూ మధ్య సంబంధం అప్పుడే తెలిసినట్టుంది. మంచం కింద తట్ట లాగి, తన రెండు చీరలూ అందులో పెట్టడం మొదలుపెట్టింది. పొద్దున బస్సుకు వెళ్లిపోతానంది. కాంతమ్మ వచ్చి ఆ చీరలు తట్టలోంచి తీసి మంచం మీద వేసింది. ఆమె మళ్లీ తట్టలో పెట్టింది. ఇద్దరూ అలా తీయడం, పెట్టడం చూసి నేను మంచం దగ్గరకు వెళ్లాను. ఇంత చల్లగా చేశాను కదా, ఇక్కడ ఏం తక్కువైందమ్మా, ఎందుకీ చేపల గొడవ అని అడిగాను. విసుగు లేకుండా అడిగిన మాట ఆ పని మొత్తంలో అదొక్కటేనేమో.

ఆమె మంచం మీద కూర్చుని తన చేతులకేసి చూసుకుంది.

"సల్లగానే ఉన్నాది బాబూ, కాదన్ను. కానీ బుద్దెరిగిన కాడ్నుంచీ పగలు తొంగున్న మనిషిని కాను నాను. పని నేకుండా కొడుకింట్లో కూకుంటే సుట్టపుసూపుకి వచ్చినట్టుంటాది. సుట్టమన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఎల్లిపోవాల కదా" అంది.

దానయ్య తలెత్తాడు. లేచి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆమె కాలి దగ్గర నేల మీద పడ్డ చీర చెంగు తీసి దులిపి ఒళ్లో పెట్టాడు. ఉగాది దాకా ఉంటానన్న మాట ఎండ గురించి కాదని మా ఇద్దరికీ అప్పుడు అర్థమైంది. ఎండ ఆమెకు వెళ్లడానికి దొరికిన మర్యాదైన కారణం.

నేను పెరట్లోకి వెళ్లాను. పొద్దు వాలుతోంది. ఎండ పడమటి గోడ మీద కాగుతోంది, నేను ఏమీ చెయ్యలేక వదిలేసిన గోడ. అవతల ఇళ్లు లేవు, పొలాలే. పైరగాలి రోడ్డు మీదుగా, షెడ్డు మీదుగా పొలాల వైపు పోతోంది. నూకాలమ్మను కేకేశాను. మీ ఊళ్లో చేప ఎండబెట్టే పందిరి ఎంత ఎత్తు కడతారని అడిగాను. ఎందుకని అడక్కుండా చెయ్యెత్తి చూపించింది. ఆ చెయ్యి సరిగ్గా ఆ గోడ ఎత్తుకు వచ్చింది.

పుల్ల తీసుకుని నేల మీద గీశాను. గోడకు మూరెడు ఎడంగా నిలువునా వెదురు కర్రలు, వాటికి అడ్డంగా దండేలు, దండేల మీద వలలు, వలల నిండా చేపలు. గోడ మీద పడాల్సిన ఎండ చేపల మీద పడుతుంది, చేపకు కావలసిందీ అదే. గోడ నీడలో ఉంటుంది. మా భాషలో షేడింగ్ స్క్రీన్, ఎండకు అడ్డంగా పెట్టే తెర. మధ్యలో గాలి ఆడుతుంది, వాసన గాలితో పాటు పొలాల మీదకు పోతుంది, కారు వైపు రాదు. రెండో గోడ లేని లోటు పాత వలలతో తీరిపోతోంది. ఇదంతా నేను ఉత్సాహంగా చెబుతుంటే నూకాలమ్మ నా గీత మీద కాలు పెట్టి, కింది దండెం ఇంకా పైకి లేపాలి, లేకపోతే కుక్క లాగేస్తుందంది. లేపాను. పై దండెం కాస్త దించమని కూడా పేచీ పెట్టింది. అక్కడ నేను ఒప్పుకోలేదు, గోడ పైభాగానికి నీడ చాలదన్నాను. కాసేపు వాదులాడుకున్నాం. వాదన మధ్యలో కాంతమ్మ లోపలికి వెళ్లి తట్ట ఖాళీ చేసి తీసుకొచ్చింది, పైనున్న చేపలు దింపడానికి.

పందిరి లేచింది. దానయ్య సీటు గుడ్డలన్నీ కుంకుడు రసంతో ఉతికి, కారు తలుపులు బార్లా తెరిచి ఎండబెట్టాడు. చాపల పై వైపు మళ్లీ సున్నం మెత్తించాను, పుల్లల్లో మిగిలిన వాసన పోవడానికి. ఆ తర్వాత ప్రతి ఆదివారం పొద్దున కాంతమ్మ కారులో సాంబ్రాణి పొగ వేసేది. ఎవరో పెద్దాయన, టాక్సీలో కూడా ఇంత భక్తి ఈ ఊళ్లోనే చూశానని మెచ్చుకున్నాడట. బేరం మెల్లగా తిరిగి వచ్చింది.

వైశాఖంలో ఒక మధ్యాహ్నం ఎండ నిప్పులు చెరుగుతుండగా వెళ్లి ఆ పడమటి గోడ మీద లోపలి నుంచి అరచెయ్యి పెట్టి చూశాను. గోడ చల్లగా ఉంది. నూకాలమ్మ మంచం గోడవైపు జరిపి, అటే తల పెట్టుకుని, కాసేపు కునుకు తీస్తోంది. పగలు పడుకోనన్న మనిషి. పొద్దుటి నుంచి పందిరి దగ్గర పనిచేసి అలిసిపోయిందని కాంతమ్మ గర్వంగా చెప్పింది. నేను చప్పుడు చెయ్యకుండా వచ్చేశాను.

ఆ తర్వాత నా సర్వీసులో చాలా గదులు కట్టించాను, చాలా కప్పులు చల్లబరిచాను. ఎవరు పిలిచినా ఎండ ఎటు నుంచి పడుతుందో, గాలి ఎటు నుంచి వస్తుందో చూసుకున్నాక ఇంకో ప్రశ్న అడగడం అలవాటైంది. ఈ గదిలో ఉండబోయే మనిషి పొద్దంతా ఏం చేస్తారు? ఓవర్సీరుకి అదెందుకని కొందరు ఎగాదిగా చూసేవారు. నేను నూకాలమ్మ కథ చెప్పేవాణ్ణి కాదు, జవాబు చెప్పమని విసుక్కునేవాణ్ణి. చల్లటి గది ఎవరికైనా కట్టివ్వచ్చు. అందులో చేసుకోవడానికి ఒక పని లేకపోతే ఆ మనిషి దాన్ని తన ఇల్లు అనుకోవడం కష్టం.

నాకు అక్కడి నుంచి బదిలీ అయ్యేదాకా సాయంత్రాలు ఆ షెడ్డు ముందు ఆగడం మానలేదు. ఏటా ఉగాది వెళ్లగానే దానయ్య తల్లిని ఆటపట్టించేవాడు. ఉగాది దాటిపోనాదే అమ్మా, ఎప్పుడెల్తావు, బస్సు కాడ దించుతాను అనేవాడు. ఆమె పందిరి వైపు చూసి ప్రతిసారీ ఒకటే మాట చెప్పేది.

"ఈ సేపలు ఎండనీరా, ఎల్తాను."

ఆ పందిరి మీద ఎప్పుడు చూసినా కొత్త చేపలు ఎండుతూనే ఉండేవి.